చిన్నమ్మ గోడ మీది రాజు

మాది జమ్మలమడుగులో చర్చి వెనక వీధి. దేవుడి పటాలు లేని ఇల్లు. మా నాయన బడిలో సోషల్ చెప్పేవాడు. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర పోస్టర్లు అమ్మే ఆయప్ప కాడ రాజుల బొమ్మలు తెచ్చి గోడల నిండా మేకులు కొట్టి తగిలిచ్చె. "ఇదేమన్నా ఇల్లా, మ్యూజియమా?" అని అమ్మ కసురుకునేది. నాయన లెక్క వేరే. ఆ కాలంలో గోడ మీది క్యాలెండరు చూసి, ఆ ఇల్లు ఏ పార్టీదో చెప్పేవాళ్లు. ఎలక్షన్లు వస్తే ఈ పక్కోళ్లూ వచ్చేవాళ్లు, ఆ పక్కోళ్లూ వచ్చేవాళ్లు, మా నాయకుడి బొమ్మ పెట్టమని. "యాడ పెట్టేదప్పా, జాగా యాడుంది?" అని నాయన రాజులను చూపించి నవ్వేవాడు. చచ్చిపోయినోళ్లకు పార్టీ ఏంది? వాళ్లు కూడా నవ్వి పోయేవాళ్లు.

మా వెనక గదిలోకి లింగాల దిక్కు నుంచి ఒకామె చంకలో పసి ఆడబిడ్డతో వచ్చి దిగె. మా అమ్మను అక్కా అనేది, నాకు చిన్నమ్మ. మొగుణ్ని కమలాపురం దారిలో బాంబులేసి చంపినారు. పేపర్లో ఫోటో వచ్చిందంట, దాంట్లో మొహమే లేకపాయ. ఇంట్లోనూ ఫోటో లేదు. ఫ్యాక్షన్లో తిరిగే మొగోళ్లు ఫోటో దిగేవాళ్లు కాదు, ఎదుటోళ్ల చేతిలో పడితే మొహం గుర్తుపడతారని. పెండ్లప్పుడు దిగిన ఫోటోను కూడా ఆయన తన చేత్తోనే పొయ్యిలో పెట్టినాడంట. "బిడ్డకు వాళ్ల నాయన ఎట్లుండెనో ఏం చూపిచ్చేదక్కా?" అని చిన్నమ్మ ఒకటే ఏడ్చేది.

ఒకనాడు పొద్దున చాట తిరిగిచ్చేదానికి మా ఇంట్లోకి వచ్చి, బీరువా పక్కనున్న రాజు ముందర అట్లే నిలబడిపాయ. "నుదురు ఆయనదే," అనె. "మీసాలూ కొంచెం పోలిక." అప్పటి నుంచి ఏదో ఒక సాకు పెట్టుకుని రోజూ వచ్చేది. నెల తిరక్కుండానే ఆ కొంచెం కాస్తా "తలపాగా తీసేస్తే అచ్చం ఆయనే" అయి కూర్చునె. బొమ్మ ముందర పోయేటప్పుడు కొంగు సర్దుకునేది. అంతకుముందు ఆ రాజు కిందనే కూర్చుని లెక్కలు చేసుకున్నదాన్ని, అది చూసినాక ఆ మూలకు పోవాలంటేనే శానా భయం పట్టుకునె. నేను యాడికి జరిగితే ఆడికి చూసేవాడు.

"మన ఇంట్లో గోడకు మొక్కేది లేదు," అని అమ్మకు కోపం వచ్చె. నాయన మేకులు పీకి, బొమ్మను చుట్టి చిన్నమ్మ చేతిలో పెట్టె. తర్వాత నాతో అనె: "ఆ రాజు మొహం కూడా ఎవురూ చూడలేదు పాపా. గీసినోడు తన మనసుకు తోచినట్టు గీసినాడు, అంతే." ఆ మాటతో భయం తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువాయె.

చిన్నమ్మ దానికి ఫ్రేము కట్టించి దండ వేసె. బిడ్డ మాటలు నేర్చినాక ఆ బొమ్మనే నాయన అనేది. బడికి పోతా "నాయనా, పోయొస్తా" అని చెప్పి పోయేది. తలపాగాకు ముత్యాలు, నడుముకు కత్తి, అయినా వీధిలో ఒక్కరూ నోరెత్తలేదు. ఎవురికి నోరొస్తాది?

ఆ పిల్లకు పెండ్లి కుదిరేనాటికి నేను పులివెందుల్లో కాపురముంటి. పెండ్లి పనులకని పోయినా. పిల్లకు అప్పటికే అంతా తెలుసు. చరిత్ర పాఠంలో ఆ బొమ్మ కనపడిననాడే తెలిసిందంట, అమ్మ దగ్గర మాత్రం అనలేదు. "పీటల మీద కూర్చునే ముందర మా నాయన ఫోటోకు మొక్కాలక్కా, నిజం ఫోటోకు," అని ఊరూరా తిరిగి అడిగి, మైదుకూరులో వాళ్ల నాయన మేనత్త ఇంట్లో ఒక గుంపు ఫోటో పట్టుకొచ్చె. ఆయన ఫ్యాక్షన్లోకి పోకముందు ఎవురిదో పెండ్లి, వరసలు వరసలుగా మొగోళ్లు. ఆయన దాంట్లో ఉండాడని ఆ ముసలామెకు తెలుసు, కండ్లు కనపడక చూపియ్యలేకపాయ. ఆయన్ని ఎరిగినోళ్లందరూ పోయినారు. గుర్తుపట్టాల్సింది ఇంక చిన్నమ్మ ఒక్కతే.

"అమ్మా, వీళ్లల్లో నాయన ఎవురు?"

చిన్నమ్మ అద్దాలు పెట్టుకుని, ఫోటోను గోడ దగ్గరికి తీసుకుపాయ. ఒక మొహం మీద వేలు పెట్టేది, తలెత్తి రాజును చూసేది, కాదని తలూపి పక్క మొహానికి పోయేది. అయ్యో దేవుడా, ఆయన మొహం ఆమె మనసులోంచి ఎప్పుడో పోయింది. గోడ మీద చూసి పోల్చుకుంటాంది!

కడ వరస కూడా అయిపాయ.

"లేడమ్మా. వీళ్లల్లో మీ నాయన లేడు," అని ఫోటో ఇచ్చేసి, బియ్యం ఏరేదానికి పాయ.

పిల్ల ఏడుస్తాదనుకుంటి. ఏడవలేదు. ఫోటో నా ఒళ్లో పెట్టి, వెలుతురు పడేటట్టు కిటికీ పక్కకు తిరిగి కూర్చునె.

"అక్కా, నా ముక్కు బాగా చూడు. వీళ్లల్లో ఎవురికుండాదో చెప్పు."