బొంతలో కుట్టిన కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే అనుమానం ఎక్కువ మా అవ్వకు. ఆమె తర్వాత నాకు. కొత్త మనిషి వాకిట్లో కాలు పెడితే ముందు చేతిలో ఏముందో చూడాలి, ఆ తర్వాతే ముఖం చూడాలి అని అవ్వే నేర్పింది. మాది బేస్తవారిపేట దగ్గర మెట్ట ఊరు. మగవాళ్ళు గొర్రెల మందను తోలుకుని అడవి అంచుకు పోతే వారాల తరబడి ఇంట్లో మేము ఆడవాళ్ళమే మిగిలేవాళ్ళం. మరి అనుమానం లేకుండా ఎట్లా బతకాలి అనేది అవ్వ.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా చిన్నమ్మ, అంటే మా చిన్నాయన భార్య, రెండోసారి కడుపుతో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే రైలెక్కించి నంద్యాల తీసుకుపోయారు. అక్కడ కడుపు కోసి బిడ్డను తీశారు. బిడ్డ దక్కాడు గానీ చిన్నమ్మ ఆ తర్వాత చాలా నెలలు నీళ్ళ బిందె ఎత్తలేకపోయింది, గొర్రెల దొడ్డి ఊడ్చలేకపోయింది. బొడ్డు కింద నిలువుగా ఉన్న ఆ మచ్చను ఒకసారి నేనూ చూశాను. ఈసారైనా మామూలుగా కనాలని ఆమె ఆశపడేది. అవ్వదీ అదే పట్టుదల.

రోడ్డు మీద బస్సు దిగి మా ఊరికి నడిచివచ్చే నర్సమ్మ ఒకామె ఉండేది. వచ్చిన ప్రతిసారీ నంద్యాలలో ఆపరేషన్ చేసినప్పుడు ఇచ్చిన కాగితం చూపించమని అడిగేది. చెదలు తినేశాయని అవ్వ చెప్పేది. అది పచ్చి అబద్ధమని నాకు తెలుసు. అవ్వ ఆ కాగితాన్ని గుడ్డముక్కలో చుట్టి, తాను కుడుతున్న బొంత మూలలో పాత చీరల పొరల మధ్య పెట్టి కుట్టేసింది. సూదికి దారం ఎక్కించి ఇచ్చింది నేనే. నర్సమ్మలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు పేర్లు రాసుకుపోతున్నారని ఆ రోజుల్లో ఊరంతా గుసగుసలు. కాగితం చేతికిస్తే చిన్నమ్మను మళ్ళీ కోస్తారని అవ్వ భయం. నర్సమ్మ వచ్చినప్పుడల్లా స్తంభం పక్కన కూర్చుని ఆమె చూపు ఎటు పోతుందో కనిపెట్టే పని నాకు అప్పజెప్పింది. ఆ పని నేను చాలా శ్రద్ధగా చేశాను.

ఏడో నెలలో నర్సమ్మ చిన్నమ్మను మార్కాపురంలో ఒక డాక్టరమ్మకు చూపించింది. చిన్నమ్మ ఏడుస్తూ తిరిగివచ్చింది. పైన మచ్చ నిలువుగా ఉంది, లోపల ఎట్లా కోశారో తెలియదు, కాగితం లేకుండా నొప్పులు పడనివ్వలేను, ఆపరేషనే చేస్తాను అందట ఆ డాక్టరమ్మ. నేను ముందే చెప్పలేదా అన్నట్టు చూసింది అవ్వ. ఇక ఏ ఆసుపత్రీ వద్దు, ఊళ్ళో మంత్రసానితో ఇంట్లోనే పురుడు పోయిస్తానని తేల్చేసింది.

ఆ మాట ఎట్లా తెలిసిందో గానీ రెండోరోజే నర్సమ్మ వచ్చింది. కేకలేస్తుందని అనుకున్నాను, వెయ్యలేదు. అవ్వ పక్కన చాప మీద కూర్చుని, బొంతను తన ఒళ్ళోకి లాక్కుంది.

ఒక అతుకు మీద వేలు పెట్టి, "ఈడ లోపలి చినుగు నిలువా, అడ్డమా అవ్వా?" అని అడిగింది.

"అడ్డం" అంది అవ్వ.

"పై కుట్టు నిలువుగా ఉండాది గదా."

"పైది చూసి లోపలిది ఎట్ల చెప్తావు? కుట్టినోళ్ళకే తెలుస్తాది. నేను కుట్టినా, నాకు తెలుసు."

నర్సమ్మ నవ్వలేదు. "నంద్యాలలో కుట్టినామె ఈడ లేదు గదవ్వా. చెప్పాల్సింది ఆ కాగితంలో రాసిపెట్టింది. లోపలి కోత కిందిపక్క అడ్డంగా ఉంటే నొప్పులు పడనిచ్చి చూస్తారు. నిలువుగా ఉంటే ఆ నొప్పులకే గర్భసంచి పిగిలిపోవచ్చు. ఇంట్లో అట్లయితే నువ్వేం జేస్తావు, నేనేం జేస్తా?"

మాట్లాడుతూనే ఆమె చెయ్యి బొంత మూలకు వచ్చింది. లోపల కాగితం గలగలమంది. ఆమె దాని గురించి ఒక్క మాట అనలేదు. అవ్వ తలెత్తి నా వైపు చూసింది. ఇంటి గుట్టు బయటపెట్టిన దాన్ని చూసే చూపు అది. నేను కాదు కాదని తల ఊపాను. వాకిలి దగ్గర చిన్నమ్మ పొట్ట పట్టుకుని నిలబడి ఉంది. అవ్వ ఆమెను చాలాసేపు చూసి, బొంత లాక్కుని, తాను వేసిన కుట్టును తానే పంటితో కొరికి తెంపింది.

నర్సమ్మ కాగితం రెండుసార్లు చదివి, "అడ్డమే" అంది. డాక్టరమ్మ కూడా అదే చదివి, నొప్పులు పడనిచ్చి చూద్దాం అంది. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తుంది. కత్తికి భయపడి దాచిన కాగితమే ఆమెను కత్తి దగ్గరికి తోస్తూ ఉండిందని ఆ వయసులో కూడా నాకు అర్థమైంది. సిగ్గు కూడా వేసింది. దారం ఎక్కించింది నేనే కదా.

నెలలు నిండకముందే అవ్వా చిన్నమ్మా మార్కాపురంలో ఆసుపత్రి పక్కన ఒక గది తీసుకుని ఉన్నారు. పాత కుట్టు దగ్గర నొప్పి లేచినా, రక్తం కనబడినా వెంటనే చెప్పాలని, మామూలుగా కాకపోతే ఆపరేషన్‌కూ మనసు సిద్ధం చేసుకోవాలని నర్సమ్మ చిన్నమ్మకు మరీ మరీ చెప్పింది. ఆ కాగితాన్ని అవ్వ తన కొంగున ముడేసుకుని తిరిగింది. ఆడపిల్ల మామూలుగానే పుట్టింది. మూలన కుట్టు ఊడిన ఆ బొంతలోనే చుట్టి తెచ్చారు.

కాగితం సంగతి నేనే చెప్పానని అవ్వ చనిపోయేదాకా నమ్మింది. గలగల విని నర్సమ్మే పసిగట్టిందని నేనంటాను. చిన్నమ్మే చెప్పి ఉంటుందని కూడా నాకు అప్పుడప్పుడూ అనుమానం.

పోయిన నెల మా చిన్నకూతురితో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. దానికి మొదటి కాన్పు ఆపరేషన్. ఈసారి మామూలుగా కనాలని దానికీ ఆశే. పాత కాగితాలన్నీ పద్ధతిగా తెచ్చుకుంది. ఆటోలో మాత్రం నా చెవిలో ఒక మాట వేసింది. "అమ్మా, అప్పుడు జ్వరమొచ్చి కుట్టు చీము పట్టింది గదా, అది అనొద్దు. చెప్తే మళ్ళా కోస్తారు."

నేను సరేనన్నాను. లోపల డాక్టరమ్మ కాగితాలు చూసి, ఇంకేమైనా ఉందా అని అడిగింది. ఏం లేదు అంది నా కూతురు. నాకు పంటితో దారం కొరికే చప్పుడు వినిపించింది. జ్వరం సంగతి, చీము సంగతి అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ రాసుకుంటోంది. నా కూతురు తల తిప్పి నా వైపు చూసింది. అచ్చం అవ్వ చూపే.

ఈసారి నేను కాదు కాదని తల ఊపలేదు. చెప్పింది నేనే.