సాయమ్మ మాటల్లో వాళ్లు ఉంచుకున్నది

అది 1984. వరంగల్ చౌరస్తాలో నాకు మైక్‌సెట్ల దుకాణం ఉండేది. గుడి కమిటీలు, చర్చీలు, దర్గా పెద్దలు, అందరూ నా గిరాకీలే. మైకు కిరాయికి ఇవ్వడమే కాదు, దాని ముందు ఎలా మాట్లాడాలో, మాట్లాడింది క్యాసెట్‌లోకి ఎలా ఎక్కించాలో కూడా నేర్పేవాణ్ణి. దేవుడి పని చేసేవాళ్లు కదా, ఎదుటివాళ్ల మాట వింటారనుకునేవాణ్ణి. ఒక ట్రస్టు పుణ్యమా అని ఆ భ్రమ తీరింది.

ఎనుమాముల దారిలో ఉండేదా ట్రస్టు. ప్రతి ఆదివారం ముందు ప్రవచనం, తర్వాత ఉచిత దవాఖాన. హాలు ఎప్పుడూ కిటకిటలాడేది. కార్యదర్శి పత్తి వ్యాపారి.

"మా ప్రవచనానికి జనం ఎట్ల ఎగవడ్తుండ్రో చూసినవ్ గదా. వాళ్ల నోటితోనే చెప్పించి క్యాసెట్ చెయ్యాలె, వార్షికోత్సవంల వినిపియ్యాలె. మావోళ్లకు ఆ పని జర నేర్పు" అన్నాడు.

ట్రస్టు కార్యకర్తలకు నేర్పాను. మైకు నోటికి జానెడు దూరంలో ఉంచాలని, ప్రశ్న అడిగాక నోరు మూసుకోవాలని చెప్పాను. రెండోది వాళ్లకు మహా కష్టమైంది. ఎడిటింగ్ కూడా నేర్పాను. రెండు టేప్‌రికార్డర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి కావలసిన మాటలే ఎక్కించుకుంటూ, అక్కర్లేని చోట పాజ్ బటన్ నొక్కడమే ఎడిటింగ్. దగ్గులు, తడబాట్లు తీసెయ్యడానికి పనికొస్తుంది.

తర్వాతి ఆదివారం దవాఖాన వరండాలో సాయమ్మ ముందు మైకు పెట్టాం. మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలీ. ఒళ్లో మనుమడు.

"డాక్టరు సారు దేవుడసొంటోడు. చెయ్యి వడ్తె జ్వరం దిగుతది. గని ప్రవచనం ఒడిసేదాక డాక్టరుకు చూపిచ్చే చీటీ ఇయ్యరు. పోయినవారం మా పోరనికి ఫిట్స్ వచ్చి కండ్లు తేలేసిండు. 'నడిమిట్ల లేవద్దు, కూసో' అన్నరు. పిల్లగాండ్లకైన ముందుగాల చీటీలు ఇయ్యిండ్రి సారూ, మీ కాల్మొక్త."

అంతా చెప్పి, "ఇది పెద్దసారు ఇంటడా?" అని అడిగింది.

"అందుకే గదక్కా పట్టింది" అన్నాను.

కార్యదర్శి విని ముఖం మాడ్చుకున్నాడు.

"ఇదేం లొల్లి? నాలుగు మంచిమాటలు పట్టుకరమ్మంటే!"

"పిల్లలకు ముందు చీటీ ఇస్తే పోయేదేముంది సార్?"

"ముందే మందిస్తె ప్రవచనానికి ఎవడు కూసుంటడయ్యా?"

అంటే, జనం దేనికోసం వస్తున్నారో ఆయనకు ముందే తెలుసు. నాకు ఒళ్లు మండింది. సాయమ్మ అడిగిన మాట తియ్యొద్దని ఎంతో చెప్పాను. "ఇగ నీ పని అయిపోయింది, మిగిలింది మావోళ్లు చూసుకుంటరు" అని లేచాడు.

వార్షికోత్సవానికి మైకులు నావే. సాయమ్మ మనుమణ్ణి ఎత్తుకుని వచ్చింది. "డాక్టరు సారు దేవుడసొంటోడు. చెయ్యి వడ్తె జ్వరం దిగుతది" అని స్పీకర్లలో ఆమె గొంతు వినిపించింది. ఆమె చెవులు రిక్కించింది. వెంటనే భజన మొదలైంది, జనం చప్పట్లు కొట్టారు. కోత ఎక్కడ పడిందో నాకే తెలియలేదు. అంత శుభ్రంగా చేశారు నా శిష్యులు.

ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మైకు సారూ, నేను చెప్పింది గంతేనా? మా పోరని ముచ్చట ఏది?"

"తీసేసిండ్రక్కా."

"గట్లైతె నన్నెందుకు అడిగిండ్రు?"

తలదించుకుని వైర్లు చుట్టుకున్నాను.

ఆ ట్రస్టుకు మళ్లీ వైరు ముక్క కూడా ఇవ్వలేదు. వాళ్లకేం నష్టం? ఇంకో దుకాణం దొరికింది. ఆ తర్వాత నేర్చుకుంటామని ఎవరొచ్చినా మొదట ఒకటే అడిగేవాణ్ణి: "జనం మిమ్మల్ని తప్పుపడితే ఆ మాట కూడా వినిపిస్తారా?" చాలామంది అక్కడే లేచి వెళ్లేవాళ్లు. మాట్లాడటం ఎవరికైనా నేర్పొచ్చు. వినడం ఇష్టం లేనివాడికి ఏం నేర్పినా దండగే.

వానాకాలంలో ఒక ఆదివారం ఆ దారిన పోతున్నాను. ట్రస్టు గేటు మీద స్పీకరు పెట్టి అదే క్యాసెట్ వేస్తున్నారు. సాయమ్మ మనుమణ్ణి భుజాన వేసుకుని గేటు దాటి గబగబా పోతోంది. దగ్గరికి పోయి ముట్టుకుంటే పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది.

"ఎటు పోతున్నవక్కా?"

"పెద్ద దవాఖానకు. ఈడ చీటీ ఇచ్చేదాక ఉంటె పోరడు దక్కడు."

రిక్షా పిలిచి ఎక్కించాను. మా వెనక, గేటు మీది స్పీకర్లోంచి ఆమె గొంతే జనాన్ని లోపలికి రమ్మంటోంది.