మామగారి గదికి కట్టిన గోతాలు

పట్టపగలు, ఆయన కన్నకూతురు ఇంట్లో ఉండగానే, మా మామగారి ప్రాణం తీయబోయాను. ఆయన బతికి బయటపడ్డారు కాబట్టి మీరిప్పుడు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. ఆ పూట మాత్రం నాకు నవ్వు రాలేదు.

మేం హైదరాబాదు వదిలి వినుకొండ దగ్గర పల్లెలో కాపురం పెట్టిన కొత్త. కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోంచే పని. ఊరు మారగానే నన్ను నిరాడంబరత అనే జబ్బు పట్టుకుంది. ఏసీ వద్దు, ఫ్రిజ్ వద్దు. కుండలో నీళ్ళు, నేలమీద చాప. మా ఆవిడ రమ ఏప్రిల్ దాకా ఓర్చుకుని, మే నెల రాగానే వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది. మర్నాడే ఆయన దిగారు.

మా మామగారు పోలీసుశాఖలో రిటైరయ్యారు. ఆయన మంచినీళ్ళడిగినా నాకు వాంగ్మూలం ఇమ్మన్నట్టే వినిపిస్తుంది. గడప దాటగానే గోడల వంక చూసి, తర్వాత నా వంక చూశారు.

"ఏసీ ఏదయ్యా?"

"అక్కర్లేదు మావయ్యగారూ. ఇక్కడ కిటికీలకు తడిగోతాలు కట్టుకుంటారు. చల్లటి గాలొస్తుంది."

"అలాగా! ఈ మధ్యాహ్నం అలా గోతాలు కట్టిన గదిలోనే పడుకుంటాను. నిద్రపట్టిందా, నీ మాటే నెగ్గినట్టు. పట్టలేదా, సాయంత్రం బస్సుకి అమ్మాయిని తీసుకుపోతాను. ఏసీ పెట్టించాక కబురుచెయ్యి."

రమ అప్పుడే బ్యాగు సర్దుతోంది. ఇదేమిటని అడిగితే, "ముందుజాగ్రత్తండీ" అంది.

పక్కింటి మస్తాన్ గారు రైతు. గోతాలు కావాలంటే, "మా కొట్టంలో ఉన్నయ్ సార్, తీసుకోండి" అని బండెక్కి పొలం వెళ్ళిపోయారు. కొట్టంలో రెండు దొంతర్లున్నాయి. ఒకటి పాత గోతాలు, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. రెండోవి మందంగా, కాస్త ఎర్రగా, చూడముచ్చటగా ఉన్నాయి. మామగారికి కదా, మంచివే తీశాను.

మీకు అప్పుడే అర్థమైపోయింది కదూ? నాకు అర్థం కాలేదు. ఆ రోజుల్లో ఊరంతా మిరపకాయల ఘాటే, నా ముక్కు ప్రత్యేకంగా పట్టించుకోలేదు. గోతాలను బకెట్లో ముంచి, పిండి, కిటికీకి కట్టాను. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను.

"ఫర్వాలేదే, చల్లగానే ఉంది" అన్నారు మామగారు. నేను రమ వంక గర్వంగా చూశాను.

వడగాలికి గోతాలు ఆరడం ఎంతసేపు! లోపల ఒక దగ్గు వినిపించింది. తర్వాత వరసగా తుమ్ములు. అంతలో నా గొంతులోనూ మంట మొదలైంది.

"ఏవండీ, ఊపిరాడట్లేదేంటండీ?" అంటూ రమ వచ్చింది.

అప్పుడు నాకు ఊరి చివరి కోల్డ్ స్టోరేజీ గుర్తొచ్చింది. అందులో ప్రమాదమైన గ్యాసేదో ఉంటుందని ఎక్కడో విన్నాను.

"గ్యాస్ లీకైంది! తలుపులు మూసెయ్!"

సందుల్లో తడిగుడ్డలు కుక్కాలని, ముఖానికి తడిగుడ్డ కట్టుకోవాలని ఫోన్లో ఏదో వీడియోలో చూశాను. తడిగుడ్డలకు మా ఇంట్లో కొదవేముంది? మిగిలిన గోతాలు తలుపు కింద కుక్కాను. మూడు తువ్వాళ్ళు ఆ బకెట్లోనే ముంచి, మొదటిది స్వహస్తాలతో మామగారి ముఖానికి బిగించాను.

ఆయన కేక విని వీధిలో కుక్కలు పారిపోయాయి. "చంపేశాడ్రా దేవుడా! కళ్ళు పోయినయ్!"

నాకు నిజంగా చావుభయం పట్టుకుంది. గ్యాస్ కళ్ళదాకా వచ్చేసిందనుకున్నాను. ఈయనకేమైనా అయితే రమ ముఖం ఎలా చూడను? ఏడుస్తూ ఆయన్ని రెండు చేతులా పట్టుకుని, నేను కుక్కిన గోతాలను నేనే తన్నుకుంటూ వీధిలో పడ్డాను. మా వెనకే రమ. "గ్యాసండీ! అందరూ పారిపోండి!"

మస్తాన్ గారు అప్పుడే బండి దిగుతున్నారు.

"ఏం గ్యాసు సార్?"

"కోల్డ్ స్టోరేజీది!"

"అది నిరుడే మూతపడిందిగా!" అంటూ మా కిటికీ చూసి నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో సార్! అయి మిర్చి గోతాలు! వడ్లయి పక్కనే ఉన్నయ్‌గా!" మామగారి ముఖాన్ని కాసేపు పరిశీలనగా చూశాక ఆయన గొంతులో గర్వం తొంగిచూసింది. "మొన్న వ్యాపారి నా కాయలో ఘాటు లేదని వంక పెట్టాడండీ. ఈ పెద్దాయన్ని ఒక్కసారి మిర్చి యార్డుకి తీసకపోనా?"

వాళ్ళ వరండాలో మా ముగ్గురి ముఖాలకూ పెరుగు పూశారు. నేను మామగారి తీర్పు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"అల్లుడూ, మాట మాటే. నిద్ర పట్టలేదు, అమ్మాయి నాతో వస్తుంది" అని, పెరుగు కారుతున్న కళ్ళు తెరవకుండానే, "కానీ ఒకటి ఒప్పుకోవాలి. నువ్వా తువ్వాలు కట్టాక నాకు ఎండ సంగతే గుర్తురాలేదు" అన్నారు.

ఏసీ వచ్చింది, దాని వెనకే రమా వచ్చింది. ఆ చల్లగాలి సాక్షిగా నేను చేస్తున్న ప్రమాణం ఇది: ఈ జన్మలో ఇంకెప్పుడూ వాసన చూడకుండా గోతం ఇంట్లోకి తేను. ఆ వాసన గుర్తొచ్చి ప్రమాణం మారుస్తున్నాను. అసలు గోతమే తేను.