గాజు మేస్త్రికి లొంగని కాగితం

విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర భవనం మెట్ల కింది గది గాజు మేస్త్రిది. పరిశోధన చేసే పిల్లలు విరగ్గొట్టిన గొట్టాలూ ఫ్లాస్కులూ మంట మీద పెట్టి, ఊది, అతికిస్తూ ముప్పై ఏళ్లు గడిపాడు. ఆ పిల్లలకు వృత్తి నైపుణ్యాలు నేర్పే శిక్షణ మొదలైనప్పుడు, నలుగురిలో మాట్లాడటం, ఇంటర్వ్యూకి తయారవడం లాంటి పాఠాల సరసన ఆయన గాజు పాఠాన్నీ చేర్చారు. ఆ పాఠం ఉండే బుధవారం మధ్యాహ్నం కోసం వారమంతా ఎదురుచూసేవాడు. దేవుడు తనకు పిల్లల్ని ఇవ్వకపోయినా మంచి ఊపిరి ఇచ్చాడనీ, దాన్ని పదిమందికి పంచే దారి కూడా చూపాడనీ రోజూ దణ్ణం పెట్టుకునేవాడు.

ఈ ఏడు శిక్షణ విభాగం నుంచి ఒక కాగితం వచ్చిపడింది. పాఠం అయ్యేసరికి విద్యార్థికి ఏం చేతనవుతుందో రాసివ్వాలి. శుక్రవారంలోగా ఇవ్వకపోతే పాఠం జాబితాలోంచి తీసేస్తారు. ఆయన చదివింది ఐదో తరగతి. రెండు రోజులు జేబులో మోసి, చివరికి ‘గొట్టం వంచడం’ అని రాసి ఆగిపోయాడు.

బుధవారం శిక్షణ అధికారిణి తానే మెట్లు దిగి వచ్చింది.

“మేస్త్రిగారూ, కాగితం ఏమైందండీ?”

“రెండు మాటలు దిగాయమ్మా. మూడోది మొండికేసి కూర్చుంది.”

బల్ల చుట్టూ ఉన్న నలుగురు విద్యార్థులూ కిసుక్కుమన్నారు. ఆమెకూ నవ్వొచ్చింది. “సరే, పాఠం కానివ్వండి, చూస్తాను” అని స్టూలు లాక్కుంది. కాసేపటికి ముచ్చటపడి, అప్పుడే వంచి పెట్టిన గొట్టం అందుకోబోయింది.

“అమ్మో, ఆగండి మేడమ్!” అంది పక్కనే ఉన్న బక్కపలచటి విద్యార్థిని. “వేడి గాజూ చల్లటి గాజూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఇలా చెయ్యి తిప్పి, ముట్టుకోకుండా దూరంనుంచే వేడి తగులుతుందేమో చూసుకోవాలి.”

“నీకెలా తెలుసు?”

“మొదటివారం బొబ్బ ఎక్కించుకుని తెలుసుకున్నా. మేస్త్రిగారు ఒక్క మాట అనలేదండీ. నా చెయ్యి నీళ్ల కింద పట్టుకుని పావుగంట నిలబడ్డారు. అప్పట్నుంచి ల్యాబులో ఏది ముట్టుకోవాలన్నా ముందు ఆగుతున్నా. నాకు బుద్ధొచ్చిందని మా గైడుకి ఒకటే ఆశ్చర్యం!”

అధికారిణి మేస్త్రి వైపు తిరిగింది. “మరి ఇది రాయలేదేం?”

“ఇదీ పాఠమేనా అమ్మా? మంట దగ్గరికొచ్చిన పిల్లల్ని చూసుకోకపోతే ఎలా?”

ఆమె కాగితం అడిగి తీసుకుని, ఆ గాజుపెంకుల బల్ల మీదే రాయసాగింది. తొందరపడకుండా ముందు ఆగి చూడటం. పగిలినదాన్ని పారేసే ముందు ఒకసారి తిప్పి చూడటం. ఒక్కో మాటా పైకి చదివి, “నిజమేనా?” అని పిల్లల్నే అడిగింది. నిజమేనన్నారు వాళ్లు, ఇంకో రెండు చేర్చారు.

మేస్త్రి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టసాగాడు. ఆమె గడియారం చూడలేదు. కాగితం కదలకుండా అంచు వేలితో అదిమిపట్టి, ఆఖరి అక్షరం దాకా నిలబడింది.

“పాఠం నిలిచిందా?” అంది సాయంత్రం ఇంటావిడ.

“నిలిచిందే. ఆ తల్లి కాగితం పట్టుకున్న తీరు మాత్రం నువ్వు చూడాల్సింది” అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.