మా అవ్వ లెక్కపెట్టని ఏళ్లు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి తనకు తెలిసిందంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే తిన్నది అరగదు. ఆ రోజుల్లో నేను కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. మనిషి ఎందుకు ముసలివాడవుతాడు, కణాలు ఎన్నిసార్లని విడిపోగలవు, వాటి మరమ్మతు ఎక్కడ కుంటుపడుతుంది, ఎంత మేపినా నూరేళ్లకు అటూ ఇటూగా ఒళ్లు ఎందుకు మొరాయిస్తుంది అని పాఠం చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించేది. (పిల్లలకు ఆవులింతలు వచ్చేవి, అది వేరే సంగతి.) అలాంటి నాకు మా అమ్మ ఒక పని అప్పజెప్పింది. పత్తికొండ దగ్గర పల్లెలో ఉండే మా అవ్వకు, అంటే అమ్మ వాళ్లమ్మకు, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. కర్నూలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించకపోతే చూపు పోతుందని డాక్టరు చెప్పాడు. అవ్వ ససేమిరా అంటోంది. "సదువుకున్నోనివి, నువ్వు చెప్తే వింటాదిరా" అంది అమ్మ. నేను నమ్మేశాను.

అవ్వ అభ్యంతరం ఒకటే. అది ముసలోళ్ల ఆపరేషన్, తనకింకా అరవయ్యే. పుట్టినరోజుకు చర్చిలో ప్రార్థన చేసే పాస్టరయ్యకూ ఏటేటా అదే చెప్పేది. "అమ్మకు యాభై ఎనిమిది కదవ్వా?" అన్నాను, దొరికిపోయిందిలే అనుకుంటూ. "అది కరువు యాడాదులు గూడ కలుపుకుంటాదప్పా, తిక్కది" అంది. అవ్వ పద్ధతిలో వాన రాని ఏడాది వయసులోకి రాదు. ఆ వీధిలో ఆమె ఈడు ఆడవాళ్లందరిదీ అదే లెక్క. "చేను ఎండిపాయె, గొడ్లు పాయె, ఇంత గంజి తాగి పండుకుంటిమి. దాన్ని బతికినట్ల యెట్ల అనుకునేది?" మా సీమలో అందరూ ఈ పద్ధతి పాటిస్తే సగం మంది ఇంకా బడికి పోతూ ఉండాలి.

నేను ఊరుకుంటానా? నులకమంచం మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాను. వాన పడినా పడకపోయినా కణం తన లెక్క తాను వేసుకుంటుందనీ, ఏళ్లు గడిచేకొద్దీ కంటిలోపలి కటకం మసకబారుతుందనీ, దానికి కరువుతో పనిలేదనీ. అవ్వ శ్రద్ధగా విని, "శానా బాగ చెప్తాండావప్పా. యెవురికి ఇదంతా?" అంది. నా చదువు మీద నాకే కోపమొచ్చింది. కోపం కంటే భయం ఎక్కువ. మజ్జిగ చెంబు కోసం ఆమె గోడ తడుముకుంటూ పోతోంది మరి.

"అవ్వా, ఈ యాడాది వాన బాగ పడె గదా. వాకిలి ముందర శెనక్కాయ చేను ఎంత పచ్చగుండాదో చూసినావా?"

"యాడ కనపడతాదప్పా, అంతా పొగే."

"అయితే ఇది గూడ కరువు యాడాదేనా? తీసేద్దామా?"

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత, "కర్నూలు బస్సు ఎప్పుడుండాది?" అంది.

ముందు ఒక కంటికి ఆపరేషన్ అయింది. మరునాడు కట్టు విప్పుతుంటే ఎదురుగా నేనే నిలబడ్డాను, మొట్టమొదట నన్నే చూడాలని. (ఘనకార్యం నాది కదా!) అవ్వ రెప్పలాడించి, నన్ను పైనుంచి కిందికి చూసి, చెయ్యి చాచి నా నెత్తి తడిమింది. అప్పటికే జుట్టు పల్చబడి, చెవుల పక్కన తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నాయి. పెళ్లిసంబంధాల వాళ్ల కంట పడకుండా దువ్వెనతో నానా తంటాలు పడేవాణ్ణి. "అయ్యో నా తండ్రీ, ఎప్పుడైతివప్పా ఇంత ముసలోనివి?" అని బోరుమంది. వార్డంతా నా వైపు తిరిగింది. ఏడిస్తే కన్ను పాడవుతుందని నర్సు కేకలు. పక్కమంచం మీది పెద్దమనిషి నన్నూ అవ్వనూ మార్చిమార్చి చూసి, "మనవడా? నేను కొడుకనుకుంటి" అన్నాడు. అవ్వ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

ఇప్పుడు నాకు యాభై దాటింది. మొన్నామధ్య డాక్టరు నా కంట్లో లైటు వేసి చూసి, శుక్లం మొదలైంది, తీసేద్దామా అన్నాడు. కాలేజీలో పరీక్షలున్నాయని చెప్పి వచ్చేశాను. పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆ పొగ వెనక ఎవడో కుర్రాడు కనపడతాడు. నేను నవ్వితే వాడూ నవ్వుతాడు. ఏ ముప్పై ఏళ్లో ఉంటాయి. ఉండనీ పాపం, ఇంకొన్నాళ్లు.