కొట్టిన చెయ్యి

మా ఆయనకు కోపం వస్తే ముందు మెడ నరాలు ఉబ్బేవి. అవి కనిపించగానే పిల్లల్ని తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని ఆయనది. ఆదివారం చర్చిలో ఆయన పాడితే అందరూ తిరిగి చూసేవారు. ఇంటికొచ్చాక అదే గొంతుకు మేం వణికేవాళ్ళం.

అరవైల్లో ఒక వేసవి. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా వరస క్వార్టర్లన్నిటికీ ఒకటే కొళాయి. పక్కింటి పెద్దాయన శ్రీకాకుళం వైపు మనిషి, అదే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒక ఉదయం ఆయన మా బకెట్టును పక్కకు నెట్టి తన బిందె పెట్టారు. మా ఆయన ఒక్క మాటైనా అనకుండా చెంప మీద కొట్టారు. ఆ ఇంటికి వచ్చిన అల్లుడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పెద్దాయన చెంప పట్టుకుని అల్లుడి వైపే చూశారు. తరువాత తలదించుకుని ఖాళీ బిందెతో లోపలికి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు సంస్కారం. మగవాళ్ళంతా లేచి ముందుకు వెళ్ళినా మా ఆయన బెంచీ మీదే ఉండిపోయారు. బయటికొచ్చాక ఎందుకని అడిగాను.

"ఈ సేత్తోనే ఆ పెద్దాయన్ని కొట్టినాను. ఇదే సెయ్యి సాపి రొట్టె ఎలాగ తీసుకోమంటావు?"

"అయితే ఆళ్ళింటికెల్లి తప్పయిపోనాదని సెప్పండి."

"కొట్టింది నలుగురిలో. సెప్పడం సాటుగానేటి?"

మర్నాడు పొద్దున్నే కొళాయి దగ్గర, ఆడవాళ్ళూ బెంగాలీవాళ్ళూ చూస్తుండగా, మా ఆయన పెద్దాయన ముందు చేతులు జోడించారు. "అన్నా, తప్పు నాది. నన్ను సెమించు."

పెద్దాయన చెంబుడు నీళ్ళు ఆయన ముఖాన కొట్టారు. "మా అల్లుడి ముందర కొట్టినావు. ఇప్పుడు మా అల్లుడున్నాడేటి ఇక్కడ?"

మా ఆయన మెడ నరాలు ఉబ్బాయి.  ప్రభువా, ఆ చెయ్యి లేవనియ్యకు అని మనసులోనే వేడుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. గడ్డం మీంచి నీళ్ళు కారుతుంటే, "నిజమే అన్నా" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి ఇంటికి రాలేదు. ఆ అల్లుడు ఊరవతల సాలువా పోలీసు క్యాంపులో వంటపని చేసేవాడు. సైకిలు మీద అక్కడికే వెళ్ళారు. తనకంటే అంత చిన్నవాడి ముందు, అతని తోటివాళ్ళు వింటుండగా, "మీ మావ తప్పేటీ లేదు బాబూ. పొగరెక్కి కొట్టినాను" అని చెప్పారట. ఆ సంగతి ఆయన నాకైనా చెప్పలేదు. తరువాతి వారం అల్లుడు వచ్చి చెబితేనే పక్కింటివాళ్ళకూ నాకూ తెలిసింది.

ఆ పూటే పెద్దాయన మా గుమ్మం దగ్గరికి వచ్చారు.

"సాలువా దాకా ఎల్లినావట."

"ఎల్లినాను అన్నా."

 పెద్దాయన గడప దాటి లోపలికొచ్చి, నా వైపు తిరిగి, "టీ ఉంటే కాసింత పొయ్యమ్మా" అన్నారు. మా ఆయన లేచి తన కుర్చీ ఆయనకిచ్చి, తాను కింద కూర్చున్నారు.

ఆ తరువాతి సంస్కారానికి మా ఆయన అందరికంటే వెనక లేచి వెళ్ళి రొట్టె తీసుకున్నారు. కోపం అంతటితో పోయిందని చెప్పను. రిటైరయ్యేదాకా వస్తూనే ఉండేది. వచ్చినప్పుడు మాట మధ్యలోనే ఆపేసి, లోపలి గదిలోకి వెళ్ళి మంచం పక్కన మోకరించేవారు. ఒక్కోసారి ఆయన తిరిగొచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. పిల్లలూ నేనూ తినకుండా ఆయన కోసం కూర్చునేవాళ్ళం.