ఖాళీ సీటుకు చెప్పిన టేక్ ఓవర్

‘టేక్ ఓవర్’ అంటే ఒకరి బాధ్యతను మరొకరు స్వీకరించడమని నిఘంటువు చూసి నేర్చుకున్నవాణ్ణి. మా పోర్టు క్రేన్ల మీద, వచ్చినవాడు ఆ మాట అననిదే డ్యూటీలో ఉన్నవాడు సీటు వదలడు. మా తోటి ఆపరేటరు అప్పలరాజు పోయిన వారం డ్యూటీలో, క్రేన్ సీటులోనే గుండె ఆగి చనిపోయాడు. ఈ మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన రమణ ఆ క్రేన్ ఎక్కనని మొండికేశాడు.

“పైన ఎవరో దగ్గుతన్నారు బావా. ఆడికెవుడూ టేక్ ఓవర్ సెప్పనేదు. ఎలా దిగుతాడు?”

“అయితే నువ్వే చెప్పు.”

“నానా సెప్పేది? ఇంగ్లీషు పండితుడివి నువ్వు కదేటి!”

నవ్వుతూనే ఎక్కాను. ఖాళీ సీటు ఎదుట నిలబడి, “అప్పలరాజూ, టేక్ ఓవర్” అన్నాను.

ఇనుప నిచ్చెన మీద అడుగుల చప్పుడు నెమ్మదిగా కిందికి దిగింది. కింద రమణ చేతులు జోడించి, దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగాడు.

ఈ సీటు ఇక నాదేనంటున్నాడు రమణ. టేక్ ఓవర్ చెప్పి నన్ను దించడానికి మీలో ఎవరైనా వస్తారా?